బర్మావాళ్ల చలవ పానీయం కోసం ఒక ఆదివారం

1999 డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి, రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఎక్కడ ఆగిపోతాయోనని మా ఆఫీసంతా మేలుకుని కూర్చుంది. ఏమీ జరగలేదు. హమ్మయ్య అనుకుని అందరూ కేకు కోసుకున్నారు. నా హమ్మయ్య మాత్రం ఎన్నాళ్లో నిలవలేదు. ఫిబ్రవరిలో మా ఆవిడ రమణి నెల తప్పింది, ఆ సంతోషం వెంటే వాంతులూ పట్టుకున్నాయి. ఏప్రిల్ వచ్చేసరికి మంచినీళ్లు కూడా కడుపులో నిలవడం లేదు. "సోమవారం మళ్లీ బరువు చూస్తాను. ఇంకా తగ్గితే హాస్పిటల్లో చేర్చాల్సిందే. బిడ్డకి మంచిది కాదు" అని డాక్టరు గట్టిగా చెప్పింది.

ఆ శుక్రవారం రమణి తనంతట తనే నోరు తెరిచి ఒకటి అడిగింది. తను పెరిగింది విశాఖపట్నంలో బర్మా క్యాంపు పక్కన. రంగూన్ నుంచి తిరిగొచ్చిన పక్కింటి మామ్మ ఎండాకాలంలో చల్లటి కొబ్బరిపాలలో సగ్గుబియ్యం, జెల్లీ ముక్కలు వేసి, పైన బ్రెడ్ ముక్క పెట్టి ఇచ్చేదట.

"అదైతే తాగుతానేటోనండీ" అంది.

సిడ్నీలో బర్మా మామ్మని ఎక్కడినుంచి తీసుకురాను? ఉసూరుమంటూ సరుకులకి వెళ్లి, పెండిల్ హిల్‌లో కొట్టు నడిపే గుంటూరు ఖాదర్ అంకుల్ దగ్గర నా గోడు వెళ్లబోసుకున్నాను.

"ఎల్లుండి ఫెయిర్‌ఫీల్డ్‌లో బర్మావాళ్ల కొత్త సంవత్సరం బాబూ! హాల్ బుక్ చేసుకుని చేస్తన్నారు. బియ్యప్పిండంతా నా దగ్గరే కొన్నారుగా. పన్నెండు లోపే వెళ్లండి, లేటయితే ఉత్త గిన్నెలు చూసి రావాల" అన్నాడాయన.

ఆదివారం తొమ్మిది దాటాక రైలెక్కాం. జేబులో నాలుగు ప్లాస్టిక్ సంచులు, చేతిలో తడి తువ్వాలు. పారామట్టా దాకా ప్రయాణం బాగానే సాగింది. అక్కడ ఒక పెద్దమనిషి ఎక్కి, మా ఎదురుగా కూర్చుని గుడ్డు శాండ్‌విచ్ విప్పాడు. ఆయన తప్పేమీ లేదు, ఆకలేసింది. గ్రాన్‌విల్‌లో లివర్‌పూల్ వైపు రైలు మారాలి. ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టగానే మొదటి సంచి పనికొచ్చింది. బెంచీ మీదున్న ముసలావిడ "ఫస్ట్ వన్, లవ్?" అని, తొలికాన్పా అన్నట్టు అడిగి, సంచిలోంచి అల్లం బిళ్ల తీసి ఇచ్చింది. రెండో సంచి ఆ బిళ్లకి సరిపోయింది.

ఫెయిర్‌ఫీల్డ్ స్టేషన్ నుంచి హాలు దగ్గరే. గుమ్మంలోనే కుర్రకారు వచ్చేపోయే వాళ్ల మీద మగ్గులతో నీళ్లు పోస్తున్నారు. అది వాళ్ల పండగ. రమణి ముఖం చూసి ఒక పెద్దావిడ వాళ్లని కసిరి, మమ్మల్ని లోపలికి లాక్కెళ్లింది. పేరు ఆంటీ టిన్. నేను పర్సు తీయబోతే నా చెయ్యి పట్టుకుంది. "నో నో. న్యూ ఇయర్. ఆల్ గిఫ్ట్." ఎవరైనా వెళ్లదలిస్తే ఈ సంగతి గుర్తుంచుకోండి. ఆ రోజు తినడానికీ తాగడానికీ డబ్బు ఇవ్వబోతే వాళ్లు చిన్నబుచ్చుకుంటారు.

మేము వెతుక్కుంటూ వచ్చింది అక్కడే ఉంది. పెద్ద గిన్నెలో మంచుగడ్డలు తేలుతున్న కొబ్బరిపాలు, ఆకుపచ్చ జెల్లీ, సగ్గుబియ్యం, పైన తెల్లటి బ్రెడ్ ముక్క. రమణి ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "అదే రుచండీ, అచ్చం మామ్మ చేసినట్టే" అంది. రెండో చెంచా తాగింది. మూడోది నోట్లో పెట్టుకోబోతూనే హాలు వెనక్కి పరుగెత్తింది.

గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. నాకు ఏడుపొచ్చింది. ఇక దేనికోసం ఎక్కడికి వెళ్లాలో తెలియలేదు.

తిరిగొచ్చిన రమణిని ఆంటీ టిన్ పొయ్యి పక్కన కుర్చీలో కూర్చోబెట్టింది. అక్కడ నలుగురైదుగురు కబుర్లు చెప్పుకుంటూ బియ్యప్పిండి ఉండలు చేస్తున్నారు. మన పూర్ణంలాగే లోపల బెల్లం ముక్క పెట్టి, నూనెకి బదులు మరిగే నీళ్లలో వేస్తారు. పైకి తేలగానే తీసి కొబ్బరి కోరు చల్లుతారు. రమణి చేతిలోనూ ఒక గిన్నె పెట్టారు. మొహమాటానికి ఒకటి నోట్లో వేసుకుంది.

అంతా చేస్తున్న పని ఆపేసి ఆమెనే చూస్తున్నారు. నాకు అనుమానం వచ్చింది. ఒకమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆంటీ టిన్ ఆ అమ్మాయి వీపు మీద ఒక్కటిచ్చి, నా వైపు తిరిగి "సారీ, సారీ! చిల్లీ! న్యూ ఇయర్ జోక్!" అంది కంగారుగా. కొన్ని ఉండల్లో బెల్లానికి బదులు పచ్చిమిరపకాయ పెట్టి, ఎవరికి తగులుతుందో చూసి నవ్వుకోవడం వాళ్ల ఆనవాయితీ అట. మూడో సంచి తీశాను.

రమణి తీరిగ్గా నమిలింది. మింగింది. ముక్కు తుడుచుకుంది.

"ఇంకోటుందేటో అడగండి" అంది.

హాలు దద్దరిల్లేలా అందరూ నవ్వారు. వీపు మీద దెబ్బ తిన్న అమ్మాయే దగ్గరుండి కారం ఉండలు వేరు చేసి ఇచ్చింది. "బేబీ, స్వీట్, స్వీట్" అని ఆంటీ టిన్ బతిమాలుతుంటే, ఆవిడ మనసు కష్టపెట్టడం ఇష్టం లేక చివర్లో ఒక బెల్లం ఉండ కూడా తిన్నది. నేనైతే ఒక్క కారం ఉండకే రెండు గ్లాసుల కొబ్బరిపాలు తాగాను. ఆ పానీయం చలవ ఏమిటో అప్పుడు నాకు బాగా తెలిసొచ్చింది.

తిరుగు రైలులో కిటికీలోంచి నేనేమీ చూడలేదు. డిసెంబరు ఆఖరి రాత్రి కంప్యూటరు తెరని చూసినట్టు రమణి ముఖమే చూస్తూ కూర్చున్నాను. గ్రాన్‌విల్ వచ్చింది, ఏమీ జరగలేదు. పారామట్టా వచ్చింది, ఏమీ జరగలేదు. మిగిలిన రెండు సంచుల్లో ఒకటి జేబులోనే ఉంది, రెండోదాన్నిండా ఆంటీ టిన్ కట్టిచ్చిన ఉండలున్నాయి. బర్మావాళ్ల తీపి గురించి నన్నెవరైనా అడిగితే, వాళ్ల కారమే గొప్పదని చెబుతాను.

పెండిల్ హిల్‌లో దిగి కొట్టు దాటుతుంటే ఖాదర్ అంకుల్ బయటికొచ్చాడు. "తాగావామ్మా?"

"లేదంకుల్" అని నవ్వి, పచ్చిమిరపకాయల బుట్ట ముందు ఆగింది రమణి. నా వైపు తిరిగింది.

"అలా నిలబడిపోయారేటి? తొందరగా రండి, అన్నం వండుకుందాం. ఆకలేస్తంది."