తెల్లవారకముందే లేచే మా వదిన

నాకు నిద్రంటే ఇష్టం. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. గాజువాకలో నేను పనిచేసే బట్టల షాపు పదిన్నరకి గానీ తెరవరు కాబట్టి, ఎనిమిదింటిదాకా పడుకున్నా నా కొంపేమీ మునగదు. మునుగుతుందని గట్టిగా నమ్మే మనిషి ఒక్కతే ఉంది. ఆవిడ మా మైఖేల్ అన్నయ్య భార్య, దేవకుమారి వదిన.

దువ్వాడలో నేనూ అమ్మా ఒక ఇంట్లో, అన్నయ్యా వదినా పక్కింట్లో ఉంటాం. మధ్యలో నడుమెత్తు గోడ. నాలుగింటికల్లా ఆ గోడ అవతల లైటు వెలుగుతుంది. ముందు చీపురు చప్పుడు, తర్వాత గిన్నెల చప్పుడు, ఆ తర్వాత కీర్తన. వదిన గొంతు బాగుంటుంది, కాదనను. కానీ ఎంత బాగున్నా ఆ వేళప్పుడు వింటే చెవుల్లో దూది పెట్టుకోవాలనిపిస్తుంది.

"ఏటే రోజీ, ఇంకా లెగలేదా? సగం రోజు ఎల్లిపోయింది!" అని గోడ మీంచి కేక. అప్పటికి కాకులు కూడా సరిగ్గా లేచి ఉండవు.

నేను కళ్లు నులుముకుంటూ బయటికొస్తే ఉపన్యాసం మొదలయ్యేది. "తొందరగా లెగిసి సూడు, కుళాయి నీళ్లు ధారగా వత్తాయి. ఎండెక్కకముందే పనంతా అయిపోద్ది. దేవుడితో మాటాడుకోడానికి ఖాళీ దొరుకుద్ది. నాను సూడు, నాకెప్పుడైనా తలనొప్పని విన్నావా?" నిజమే, వినలేదు. వదిన తలనొప్పులు చెప్పుకునే రకం కాదని అప్పుడు నాకు తట్టలేదు. మా అమ్మ కూడా ఆవిడ పక్షమే. వీధిలో పిల్లల తల్లులందరూ ఆవిడనే చూపించి తమ పిల్లల్ని లేపేవారు. ఇంతమంది మధ్య నేనొక్కదాన్నే సోమరిపోతుని.

నిరుడు ఈస్టరుకి ముందు వచ్చే శ్రమకాలంలో మా చర్చిలో వేకువ ప్రార్థనలు పెట్టారు. వదిన ఉపవాసం కూడా పట్టింది. తను పట్టి ఊరుకోక, ఒకరోజు నన్ను రెక్క పట్టుకుని తీసుకెళ్లింది. నేను వెనక బెంచీలో కూర్చుని, కళ్లు మూసుకునే అవకాశం ఉన్న ప్రతిచోటా మూసుకున్నాను.

ప్రార్థన ముగిసింది. పాస్టరుగారు ఆమేన్ అన్నారు. అందరూ లేచారు, వదిన తప్ప. మోకాళ్ల మీదే ఉండి, ముందు బెంచీకి నుదురు ఆనించుకుని ఉంది. మా చర్చిలో మోకరించిన మనిషిని ఎవరూ ముట్టుకోరు. వాళ్లంతట వాళ్లు లేచేదాకా ఆగడం అలవాటు. పాస్టరుగారు బైబిలు పట్టుకుని నిలబడిపోయారు. పాపాయమ్మ మామ్మ కళ్లనీళ్లు తుడుచుకుంటూ, "ఎంత భారంతో ప్రార్థన సేత్తందో సూడండమ్మా, ఎవులూ కదపకండి" అంది. ఎవరో మెల్లగా పాట కూడా అందుకున్నారు.

నాకు మాత్రం వదిన నిద్రపోయిందనిపించింది. నిద్ర నా సొంత శాఖ కదా! ఇన్నాళ్లకి దొరికిందిరా అని లోపల్లోపల నవ్వుకుంటూ వెళ్లి, పక్కన వంగి, చెయ్యి గిల్లాను. ఆ చెయ్యి చల్లగా, చెమటతో తడిసిపోయి ఉంది. నేను తాకగానే వదిన పక్కకి ఒరిగిపోయింది.

తర్వాత ఏం జరిగిందో నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. ఆటోలో ఆవిడ తల నా ఒళ్లో ఉంది. ఆస్పత్రికి అన్నయ్య చొక్కా తిరగేసి తొడుక్కుని వచ్చాడు. తలకి స్కానింగు చేశారు. ఆ కబురు వచ్చేదాకా మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. పక్షవాతం అన్న మాట ఇద్దరి నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

చివరికి డాక్టర్ ఆశాజ్యోతిగారు బయటికొచ్చారు. "పక్షవాతం కాదు, భయపడకండి. కానీ బీపీ బాగా ఎక్కువగా ఉంది. ఉపవాసంతో స్పృహ తప్పింది. ఇలాగే వదిలేస్తే ఇంకోసారి ఈ అదృష్టం ఉండకపోవచ్చు. రాత్రి ఎప్పుడు పడుకుంటారీవిడ?"

అన్నయ్య పోర్టులో క్రేన్ ఆపరేటరు. రెండో షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి అవుతుంది. వదిన అప్పటిదాకా కూర్చుని, అన్నం వడ్డించి, అంట్లు తోమి పడుకుంటుంది. మళ్లీ నాలుగింటికి లేస్తుంది. అన్నయ్యకి షిఫ్టులు మారేవి గానీ వదిన లేచే వేళ మారేది కాదు.

"తెల్లవారుజామున లేవడం చాలా మంచిదమ్మా" అన్నారు డాక్టరుగారు మంచం దగ్గరికొచ్చి. "కానీ ముందు పడుకోవాలి కదా, లేవడానికి?"

"నాను పడుకుంటే ఆయనకి తలుపెవులు తీత్తారండీ?" అంది వదిన నీరసంగా.

అన్నయ్య తెల్లబోయాడు. "తాళంచెవి నాకాడ ఉంది కదే! నువ్వు మేలుకుని ఉంటావని కదా, క్యాంటీన్లో తిన్నా మళ్లీ ఇంటికొచ్చి తింటన్నాను!"

ఇన్నేళ్లుగా ఒకరి కోసం ఒకరు నిద్ర మానుకుని, ఆకలి లేకుండా తిని బతుకుతున్నారు. నాకు కోపమొచ్చింది, ఇద్దర్నీ కలిపి తిట్టాను. నర్సు వచ్చి నన్ను బయటికి పంపింది.

ఇంటికొచ్చాక మందులు వేసుకుంది గానీ అలవాటు మానలేదు. పరీక్షకి వెళ్లిన ప్రతిసారీ డాక్టరుగారు తల అడ్డంగా ఊపేవారు. నాకు భయం పట్టుకుంది. ఎవరూ లేపకుండానే నాలుగింటికి మెలకువ వచ్చేసేది. గోడ అవతల లైటు వెలిగితే, లేచిందీ మొండిమనిషి అని తిట్టుకునేదాన్ని. ప్రాణం మాత్రం కుదుటపడేది.

ఒకరోజు లైటు వెలగలేదు. ఆకాశం తెల్లబడింది, పాలబండి కూడా వెళ్లిపోయింది. అవతల చడీచప్పుడూ లేదు. చెప్పులైనా లేకుండా గోడ దూకి తలుపు బాదాను. అన్నయ్య తలుపు తీసి, నోటిమీద వేలు పెట్టాడు.

"అరవకే. పడుకుంది."

"నిజంగా?"

"డాక్టరమ్మ సెప్పినట్టు తొమ్మిదింటికే పడుకుంటానని నిన్న ఫోన్ సేసింది. రేత్రి నాను వచ్చి, పెట్టుకుని తిన్నా తెలీలేదు దానికి."

నేను నమ్మలేదు. వెళ్లి చూశాను. వదిన పక్కకి తిరిగి, నోరు కొంచెం తెరుచుకుని, సన్నగా గురకపెడుతోంది. ఆ గురక వింటూ గుమ్మంలోనే కూలబడి ఏడ్చేశాను. ఇంత హాయిగా ఎప్పుడూ ఏడవలేదు.

అన్నయ్య టీ పెట్టాడు. నోట్లో పెట్టుకునేలా లేదు, అయినా తాగాను. ఎండ మెట్ల మీదకి అప్పుడప్పుడే దిగుతుండగా వదిన జుట్టు ముడేసుకుంటూ వచ్చింది. ఆలస్యమైపోయిందని గాభరా పడుతుందనుకున్నాను. పడలేదు. మా ఇద్దరి మధ్యా కూర్చుంది.

"ఒళ్లు తేలిగ్గా ఉందే రోజీ" అంది. "పెళ్లికి ముందు ఇలా పడుకున్నాను. మళ్లీ ఇయ్యాలే."

అన్నయ్య తన చేతిలో టీ గ్లాసు ఆవిడకిచ్చి, చీపురు తీసుకుని వాకిట్లోకి దిగాడు.