తనిఖీ కోసం తెచ్చిన బ్యాటరీ

ఎనభైల్లో నేను పల్నాడులో ఒక ఫైర్ స్టేషన్‌లో వాచ్‌రూం డ్యూటీ చేసేవాణ్ని. ఫోనెత్తటం, గంట కొట్టటం, ఫైరింజన్ బయటికెళ్ళాక వైర్‌లెస్‌లో దాన్ని పిలవటం నా పని. పిలవటమే గానీ పలికిందెప్పుడు? బండి ఈపూరు రోడ్డెక్కి కొండ దాటిందంటే మా సెట్టులో గరగర తప్ప మరేమీ ఉండేది కాదు. కొత్త సెట్టుకీ, పొడుగాటి ఏరియల్ స్తంభానికీ నిధులివ్వమని మా స్టేషన్ ఆఫీసరు మూడేళ్ళుగా రాస్తూనే ఉన్నాడు. చివరికి పైనుంచి కబురొచ్చింది. పాత సెట్టును చూడటానికి పెద్ద ఆఫీసరు వస్తాడు, ఆయన రాసేదాన్నిబట్టి డబ్బు మంజూరవుతుంది.

తనిఖీ అంటే మాకు తెలిసిందొక్కటే. గోడలకు సున్నం, బూట్లకు పాలిష్, అడిగినదానికల్లా బాగుంది సార్. బాగాలేదని చూపించాల్సిన తనిఖీ కూడా ఒకటుంటుందని మాలో ఒక్కడికీ తట్టలేదు. పైగా సెట్టు పలక్కపోతే, సరిగ్గా చూసుకోవటం లేదని మమ్మల్నే కడిగేస్తారన్న భయం. అందుకని ఆ ఒక్కరోజుకీ ఎవరి లారీ నుంచైనా కొత్త బ్యాటరీ తెద్దామన్నాను. అవును, ఆ మాట అన్నది నేనే. బజార్లో రేడియోలు బాగుచేసే సాయిబును పిలిపించి, ఏరియల్‌ని పెద్ద వెదురుగడకు కట్టించి పైకెత్తించాం.

ఆయన తీగ బిగిస్తూ నవ్వాడు. "ఏంది బాబూ, కొత్తది కావాలంటా పాతదాన్ని పెళ్ళికూతుర్ని చేస్తన్నారే?"

"పరువు పోగూడదు గదా భాయ్," అన్నాను. అందరం నవ్వాం.

మర్నాడు పెద్ద ఆఫీసరు మా బండిలోనే కొండ అవతల మలుపు దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి పిలిచాడు. ఆయన గొంతు పక్కగదిలోంచి వచ్చినట్టొచ్చింది. నా జవాబూ ఆయనకు అంతే బాగా అందింది. నేనేదో ఘనకార్యం చేసినట్టు పొంగిపోయాను. సాయంత్రానికి బ్యాటరీ లారీకెళ్ళిపోయింది, గాలికి ఊగుతోందని గడ దించేశాం. నెల తిరక్కుండా కాగితం వచ్చింది. సెట్టు బాగానే పనిచేస్తోంది కాబట్టి ఈ ఏడాది నిధులు లేవు.

ఆ ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం బండి ఈపూరు వైపు గడ్డివాములార్పటానికి వెళ్ళింది. అది వెళ్ళిన రెండు గంటలకు ఒక పోస్టాఫీసు నుంచి ఫోను. కొండ అవతలి ఆ మలుపును ఆనుకుని ఉన్న పల్లెలో పూరిళ్ళు అంటుకున్నాయి. నేను బండిని పిలిచాను. మైకు పెదాలకు తగిలేలా పట్టుకుని అరిచాను. గరగర. చివరికి బండి నింపాదిగా వచ్చి స్టేషన్ ముందు ఆగింది, ట్యాంకులో ఇంకా సగం నీళ్ళతో.

"మలుపు కాడ పొగ కనపడిందిరా. పత్తికట్టె తగలబెడతన్నారనుకున్నాం," అన్నాడు డ్రైవరు. ఆయన్నేమనగలను? పత్తి పీకేశాక అక్కడ అందరూ చేసే పనే అది. బండి తిప్పుకుని మళ్ళీ పరుగెత్తారు. దూడ కట్టు విప్పటానికని లోపలికెళ్ళిన ఒకావిడ అప్పటికే పోయింది.

కొన్నాళ్ళకు ఆవిడ భర్త స్టేషన్‌కొచ్చాడు. గొడవేమీ చెయ్యలేదు. వాచ్‌రూం గుమ్మంలో నిలబడి అడిగాడు.

"అయ్యా, బండి మా ఊరి ముందరనుంచే పోయిందంట గదా. మీరు పిలవలేదా?"

"పిలిచాను బాబాయ్. వాళ్ళకి వినపళ్ళేదు."

ఆయన సెట్టు వంక చూశాడు. "అదేంది? మొన్న పెద్దాఫీసరొచ్చి మా మలుపు కాడ్నుంచేగా మాట్టాడింది. నేను పక్కనే నిలబడి విన్నా. నీ గొంతు చానా బాగా వచ్చిందే."

బ్యాటరీ సంగతి చెప్పలేకపోయాను. పిరికితనం, ఇంకేముంది. ఆయన వెళ్ళిపోయాడు. ఇప్పటికీ ఇంట్లో రేడియో గరగరమంటే లేచెళ్ళి కట్టేస్తాను.

మరుసటి ఏడు నిధులొచ్చాయి. ఆవిడ చావు సంగతి రాస్తేగానీ ఫైలు కదల్లేదు. కొత్త సెట్టు పెట్టి, స్తంభం నిలబెట్టిన రోజు మా ఆఫీసరు బండిలో అదే మలుపు దగ్గరికెళ్ళి పిలిచాడు.

"వినపడుతోందా?"

స్పష్టంగా వినపడింది. మలుపు దగ్గర ఆ బాబాయ్ మళ్ళీ పక్కనే నిలబడి నా గొంతు కోసం చెవి ఒగ్గి ఉన్నాడనిపించింది. మైకు చేతిలోనే ఉంది. ఆఫీసరు మూడుసార్లు అడిగాడు. పక్కనున్న ఫైర్‌మన్ నా చేతిలోంచి మైకు లాక్కుని జవాబు చెప్పాడు.