మైకిల్‌ని చూడడానికి పడమటి క్లేర్‌కి

చావింటికి వెళ్ళిన సంగతి యాత్రలా రాస్తున్నానంటే మా అమ్మ ఊరుకోదు. అయినా ఐర్లండ్ వెళ్ళిన కొత్తలో నేను అంతగా నోరు తెరుచుకుని చూసింది ఇంకొకటి లేదు కాబట్టి రాయక తప్పడం లేదు. పైగా అటు చదువుకోవడానికి వెళ్ళే పిల్లలకి పనికొస్తుంది కూడా.

యూరో నోట్లు ఇంకా కొత్తగా పెళపెళలాడుతున్న రోజులవి. ఖమ్మం నుంచి లిమరిక్‌లో ఎమ్మెస్సీ చదవడానికి వెళ్ళాను. హాస్టల్లో చోటు లేదన్నారు. ఎటు చూసినా క్రేన్లే, ఎటు చూసినా కొత్త ఇళ్ళే, అద్దెకి ఒక గది అడిగితే మాత్రం లేదు. ప్రపంచంలో ఉన్న పనివాళ్ళంతా ఆ ఏడాదే ఐర్లండ్‌లో దిగారేమో అనిపించింది. చివరికి మా పిన్నితో కలిసి చదువుకున్న వసుంధర ఆంటీ నన్ను ఆదుకుంది. ఆవిడ క్లేర్ జిల్లాలోని ఎన్నిస్‌లో డాక్టరు. ఎన్నిస్ నుంచి లిమరిక్‌కి రోజూ బస్సులో వెళ్ళి రావచ్చు. తన ఇంట్లో సోఫా మీద కొన్నాళ్ళు పడుకోబెట్టుకుని, ఆ తర్వాత నోరా ఇంట్లో నాకు గది చూసిపెట్టింది.

నోరా అరవై దాటిన మనిషి. భర్త పోయాడు, పిల్లలు డబ్లిన్‌లో ఉంటారు. మొదటి రోజే గుమ్మంలో నిలబెట్టి చెప్పేసింది. "రెండు వారాలు చూద్దాం, లవ్. నీకు నేను నచ్చాలి, నాకు నువ్వు నచ్చాలి. కుదరకపోతే ఎవరి దారి వాళ్ళది."

ఇక చూడండి నా అవస్థ! పోపు పెడితే ఇల్లంతా వాసనొస్తుందని పోపే మానేశాను. టీ తాగిన కప్పు చల్లారకముందే కడిగి, తుడిచి ప్రెస్‌లో పెట్టేదాన్ని. వంటింటి అలమరాని వాళ్ళు ప్రెస్ అంటారు. ఈ గది పోతే ఇంకో గది దొరకదు, గది లేకపోతే చదువు సాగదు, సామాను కట్టుకుని ఖమ్మం రైలెక్కడమే. గడువు శనివారంతో అయిపోతుంది.

ఆ వారం బుధవారం పొద్దున, టిఫిన్ తింటుండగా ఫోన్ మోగింది. నోరా వాళ్ళ అన్న మైకిల్ రాత్రి నిద్రలోనే పోయాడట. పడమటి తీరంలో, సముద్రం ఒడ్డున, తాము పుట్టిన ఇంట్లోనే ఆయన వ్యవసాయం చేసుకుంటూ ఒంటరిగా ఉండేవాడు. నోరా ఏడవలేదు. కోటు వేసుకుని, "పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి" అని చెప్పి, ఎవరో బంధువుల కారెక్కి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆంటీ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ డ్యూటీకి వెళ్ళే హడావిడిలో ఉంది.

"పోకపోతే ఎట్టాగమ్మా? ఇక్కడ చావుకి పిలుపులుండవు. ముక్కూ మొహం తెలీనోళ్ళు కూడా పోతారు. రేపంతా మనిషిని ఇంట్లోనే ఉంచుతారు, ఎల్లుండి చర్చికి. చెయ్యి కలిపి 'సారీ ఫర్ యువర్ ట్రబుల్' అను, చాలు."

"నా దగ్గర నల్లబట్టలు లేవాంటీ."

"నిన్నెవరు చూస్తారే! స్వెట్టరేసుకో ముందు. ఆ గాలి నిన్ను ఎత్తుకుపోద్ది."

గురువారం పదకొండున్నరకి ఎన్నిస్ బస్టాండులో కిల్‌కీ వెళ్ళే బస్సెక్కాను. డ్రైవరే టికెట్లిస్తాడు. రానూపోనూ టికెట్ తీసుకుంటే చవకన్నాడు, తిరుగు బస్సు నాలుగింటికని కూడా చెప్పాడు. ఎక్కేవాళ్ళందరూ ఆయన్ని పలకరించే ఎక్కుతున్నారు. దిగేవాళ్ళు థాంక్స్ చెప్పి మరీ దిగుతున్నారు. మన కండక్టర్లు వింటే కళ్ళు తిరిగి పడిపోతారు.

అక్టోబరు చివరి రోజులు. ఒక కప్పు టీ తాగేంతసేపట్లో వాన పడుతుంది, ఆగుతుంది, ఎండ కాస్తుంది, మళ్ళీ పడుతుంది. ఊరి బయట సగం కట్టిన ఇళ్ళ వరసలు, మట్టిగుట్టలు, బుల్డోజర్లు. అవి దాటాక రాతిగోడలు, గోడల మధ్య గడ్డి, గడ్డిలో ఆవులు. ఆ పచ్చదనం గురించి ఏమని రాయను! మా వైపు నాట్లు పడిన కొన్నాళ్ళకి పొలానికొచ్చే రంగు అక్కడ కొండలకీ, గోడలకీ, పాత ఇళ్ళ కప్పులకీ కూడా ఉంది. కాసేపటికి ఎడమవైపు షానన్ నది కనిపించింది. సముద్రంలో కలిసేముందు అది ఎంత వెడల్పవుతుందంటే అవతలి ఒడ్డు కంటికి ఆనదు. ప్రతి సెలవులకీ భద్రాచలంలో గోదావరిని చూస్తూ పెరిగినదాన్ని, నదుల విషయంలో నేను అంత తేలిగ్గా లొంగను. అక్కడ లొంగిపోయాను.

పక్క సీట్లో ఒక ముసలావిడ ఒళ్ళో కేకు డబ్బా పెట్టుకుని కూర్చుంది. పేరు బ్రిడీ.

"ఊరు చూడ్డానికొచ్చావా?" అంది.

"లేదండీ, చదువుకుంటున్నాను. మా ఇంటావిడ వాళ్ళ అన్నయ్య పోతే వెళుతున్నాను."

"మైకిలేనా? అయ్యో తల్లీ, నేనూ అక్కడికే!" అని నా చెయ్యి పట్టుకుంది. "చిన్నప్పుడు నన్ను బురదగుంటలోకి తోశాడు వెధవ. దేవుడు వాణ్ణి చల్లగా చూడాలి."

ఒంటిగంట దాటాక, పేరు పలకడం నాకిప్పటికీ చేతకాని ఒక చిన్న ఊళ్ళో దిగాం. మలుపు తిరిగేసరికి ఎదురుగా అట్లాంటిక్. కాళ్ళు ఆగిపోయాయి. సముద్రం అంటే ఇసుక, పల్లీలు, తడిసిన పంచెలు అనుకునేదాన్ని. ఇక్కడ నల్లటి రాళ్ళ మీద అలలు మేడ ఎత్తున లేచి విరుగుతున్నాయి, ఆ చప్పుడు పాదాల్లోంచి తెలుస్తోంది. "ఇక అమెరికా దాకా ఏమీ లేదు" అంది బ్రిడీ, ఆ సముద్రమంతా తమ పెరడే అన్నట్టు.

ఇంటికి చాలా దూరం నుంచే రోడ్డుకి రెండువైపులా కార్లున్నాయి. గేటు బయట గోడ వెంట జనం బారులు తీరి నిలబడ్డారు. వానలో తడుస్తున్నారు, ఎవరికీ గొడుగు లేదు, ఎవరికీ తొందర లేదు. సిమెంటు అంటిన బూట్లతో పని మధ్యలోంచి వచ్చినవాళ్ళున్నారు, ఫ్యాక్టరీ బట్టల్లో ఉన్నవాళ్ళున్నారు, సూటు వేసుకున్నవాళ్ళూ ఉన్నారు. మా వైపు చావిల్లు ఏడుపులతో తెలుస్తుంది. ఈ ఇంట్లోంచి నవ్వులు వినిపిస్తున్నాయి!

ముందుగదిలో తెరిచిన పెట్టెలో మైకిల్ పడుకుని ఉన్నాడు. గోధుమరంగు సూటు, వేళ్ళకి చుట్టిన జపమాల, గడ్డం నున్నగా గీసి ఉంది. గోడ గడియారాన్ని ఆపేశారు, మనిషి పోతే అది వాళ్ళ ఆచారమట. చుట్టూ కుర్చీల్లో జనం కప్పులు పట్టుకుని గడ్డి ధర గురించీ, ఆటల గురించీ మాట్లాడుకుంటున్నారు, మధ్యమధ్య మైకిల్‌ని కూడా మాటల్లో కలుపుకుంటున్నారు. ఒక చిన్నపిల్ల వచ్చి ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి, "చల్లగా ఉన్నాడు డాడీ" అంది. "ఉంటాడమ్మా" అన్నాడు తండ్రి, చేతికో బిస్కెట్ ఇచ్చి. నాకు ఒళ్ళు జలదరించింది. భయంతో మాత్రం కాదు.

"రాత్రంతా ఎవరో ఒకరు పక్కనే ఉంటాం" అంది బ్రిడీ. "బతికినన్నాళ్ళూ ఒక్కడే ఉన్నాడు. ఇప్పుడు ఉండనిస్తామా?"

డబ్బు వెనక పరుగెడుతున్న దేశం అని విని వచ్చాను. అదే దేశం ఒక ఒంటరి రైతు కోసం పనులన్నీ ఆపేసి ఇక్కడ నిలబడి ఉంది. అంత గౌరవం నేనెక్కడా చూడలేదు.

నోరాతో చెయ్యి కలిపి, ఆంటీ నేర్పిన మాట అన్నాను. "బస్సులో వచ్చావా ఇంత దూరం! ఎవరక్కడ, ఈ పిల్లకి టీ ఇవ్వండి!" అంది. వద్దన్నాను. ఒకమ్మాయి కేకు తెచ్చింది, వద్దన్నాను. గుడ్డు శాండ్‌విచ్‌లు వచ్చాయి, ఆకలి నకనకలాడుతున్నా వద్దన్నాను. చివరికి చర్చి ఫాదర్ స్వయంగా కప్పు పట్టుకొచ్చాడు. ఆయనకి దండం పెట్టి మరీ వద్దన్నాను. చావింట్లో మేం మంచినీళ్ళు కూడా ముట్టం. కానీ ఆ మాట ఆ ఇంట్లో ఏ నోటితో చెప్పను? అన్నీ చూస్తున్న నోరా మొహం చిన్నబోయింది. అయిపోయింది, శనివారం నా సామాను బయటే అనుకున్నాను.

మూడున్నరయింది. నాలుగింటి బస్సు అందుకోవాలి. మన పద్ధతి మీకు తెలిసిందే, చావింట్లో వెళ్ళొస్తానని చెప్పకూడదు, చప్పుడు చెయ్యకుండా లేచి వచ్చెయ్యాలి. నా కోటేమో అందరి కోట్లతోపాటు లోపలిగదిలో మంచం మీద గుట్టలో ఉంది. అక్కడ ఆడవాళ్ళు కూర్చున్నారు. కోటడిగితే వెళుతున్నట్టు చెప్పినట్టే కదా! తర్వాత నోరాతోపాటు వస్తుందిలే అని దాన్ని వదిలేసి, పెరటి తలుపు తీసుకుని, సముద్రం పక్క దారిన బస్టాపుకి నడిచాను. ఎవరి కంటా పడకుండా వచ్చేశానని నన్ను నేనే మెచ్చుకున్నాను.

నాలుగయింది, బస్సు రాలేదు. స్వెట్టర్ తడిసి ముద్దయింది. ఇంతలో దూరంగా రెండు కార్లు వేగంగా సముద్రం వైపు వెళ్ళాయి. వెనకాల మగవాళ్ళు తాళ్ళు పట్టుకుని పరుగెడుతున్నారు. ఎవరికేమయిందో పాపం అనుకున్నాను. ఇంకాసేపటికి పోలీసు కారొచ్చి నా ముందు ఆగింది. అక్కడ పోలీసుల్ని గార్డ్స్ అంటారు.

"అమ్మాయ్, ఇటువైపు ఒక ఇండియన్ పిల్ల ఏమైనా..." అని అద్దం దించిన గార్డ్ మధ్యలో ఆగి, నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "ఆఁ. గ్రాండ్. ఎక్కు." అక్కడ సరే అనడానికి గ్రాండ్ అంటారు.

నేను తిరిగి వెళ్ళేసరికి ఆ ఇంట్లో మైకిల్ పక్కన బ్రిడీ, వాకిట్లో నోరా తప్ప ఇంకెవరూ లేరు. కోటు ఉండి మనిషి లేకపోయేసరికి, సముద్రం వైపు వెళుతుంటే ఎవరో చూశాననేసరికి, వచ్చిన జనమంతా నన్ను వెతకడానికి రాళ్ళ మీదకి వెళ్ళారు. ఒక్కొక్కరే తిరిగి వస్తున్నారు. పక్కింటి టామ్ నడుం దాకా తడిసి ఉన్నాడు. భూమి చీలితే అందులో దూరిపోదునన్నంత సిగ్గేసింది.

నోరా నా కోటు రెండు చేతులతో పట్టుకుని ఉంది. "చెప్పి వెళ్ళాలని తెలీదా నీకు?" అంది. "ఇవాళ మా అన్నని చూసుకోవాలా, నిన్ను వెతుక్కోవాలా? ఆ సముద్రం ఎంతమందిని తీసుకుపోయిందో తెలుసా?"

నాకు ఏడుపొచ్చేసింది. "మా వైపు చావింట్లో వెళ్ళొస్తానని చెప్పకూడదండీ. మళ్ళీ వస్తానంటే ఈ ఇంట్లో ఇంకో చావు కోరుకున్నట్టు. మీకు మంచి జరగాలనే చెప్పకుండా వెళ్ళాను. టీ కూడా అందుకే. నీళ్ళు కూడా ముట్టకూడదు."

టామ్ టోపీ పిండుకుంటూ, "చక్కటి పద్ధతి" అన్నాడు. "మా చెల్లెలికి నేర్పు తల్లీ. అది బై చెప్పి గుమ్మం దాటడానికి గంట పడుతుంది."

వాకిలి మొత్తం నవ్వింది. నోరా కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడవడం మొదలుపెట్టింది. బుధవారం పొద్దుటినుంచీ ఆమె కళ్ళలో నీళ్ళు రావడం నేను చూడలేదు. "వాడుంటే ఈ కథ ఏడాది పాటు చెప్పుకుని నవ్వేవాడు" అని నన్ను దగ్గరికి లాక్కుంది.

కళ్ళు తుడుచుకున్నాక, "మరి ఇంటికెళ్ళాక ఏం చేస్తారు?" అని అడిగింది.

"తలస్నానం చెయ్యాలండీ."

"అయితే వెళ్ళగానే ఇమర్షన్ వేసుకో. ఎంతసేపు కావాలంటే అంతసేపు ఉంచుకో."

ఇమర్షన్ అంటే నీళ్ళు కాచే హీటరు. ఐరిష్ ఇళ్ళలో దాని స్విచ్చు మీద ఇంటావిడ తప్ప ఎవరూ చెయ్యి వెయ్యరు. నాకు నమ్మబుద్ధి కాలేదు. "శనివారం..." అని నసిగాను.

"శనివారం ఏముంది? నేను ఆదివారం దాకా రాను. ఇల్లు నువ్వే చూసుకోవాలి" అంది.

అప్పుడు నేనే వెళ్ళి కెటిల్ దగ్గర ఒక కప్పు అడిగి తెచ్చుకున్నాను. అమ్మా, ఇది చదువుతుంటే కోప్పడకు. నాకోసం తడిసిన వాళ్ళ మధ్య కూర్చుని, మైకిల్‌ని చూస్తూ, చిక్కటి వేడి టీ తాగాను, రెండు గుడ్డు శాండ్‌విచ్‌లు తిన్నాను. మీరెవరైనా అటు వెళితే మొదటిసారి ఇచ్చినప్పుడే తీసుకోండి.

ఈ గొడవలో బస్సు ఎటో వెళ్ళిపోయింది. ఆరింటికి టామ్ పొడిబట్టలు మార్చుకొచ్చి, ఎన్నిస్‌లో దింపుతానని కారు తీశాడు. ఆ దేశంలో ఫోన్ పెట్టెయ్యాలన్నా అరడజను సార్లు బై చెప్పందే పెట్టరు. గుమ్మం దగ్గరయితే ఇంకా ఎక్కువ. అటువంటి మనుషులు ఒక్కొక్కరే ఇంట్లోంచి వచ్చి గోడ పక్కన నిలబడ్డారు. నోరా వచ్చింది, ఫాదర్ వచ్చాడు, గార్డ్ వచ్చాడు. బ్రిడీ నోరు తెరవబోతే నోరా ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపింది. ఒక్కరు ఒక్క మాట అనలేదు, చెయ్యి కూడా ఊపలేదు. వానలో నిలబడి చూస్తున్నారు. నేనూ ఏమీ అనకుండా కారెక్కాను.

ఆ తర్వాత ఐర్లండ్‌లో చాలా చోట్లు తిరిగాను, పేరున్న కొండలూ కోటలూ చూశాను. ఐర్లండ్ ఎలా ఉంటుందని ఎవరడిగినా నాకు మొదట కనిపించేది ఆ గోడ పక్కన నోరు మూసుకుని నిలబడ్డ జనమే.

కారు చాలా దూరం వెళ్ళింది. టామ్ పెదవులు బిగించుకుని, ఎర్రబడ్డ మొహంతో నడుపుతున్నాడు. చివరికి ఉండబట్టలేక, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "ఇప్పుడు మాట్లాడొచ్చా, ఎన్నిస్ దాకా ఆగాలా?" అన్నాడు.

"మాట్లాడొచ్చండీ" అన్నాను.

అమ్మయ్య అని ఊపిరి వదిలి, మైకిల్ గురించి చెప్పడం మొదలుపెట్టాడు.