మార్కాపురం పత్రికలో పాపమ్మ ఫోటో

అర్ధవీడు మండలంలో మేకలు కాసుకుని బతికే పాపమ్మను ఊళ్లో కొందరు అక్కా అని, కొందరు అత్తా అని పిలిచేవాళ్లు. ఆ నెల మాత్రం బోరింగు దగ్గర ఆమె బిందె దించగానే ఆడవాళ్లు తమ బిందెలు పక్కకు లాక్కున్నారు. టీ అంగడాయన ఆమె పాలు వద్దన్నాడు.

దీనికంతా కారణం ఒక ఫోటో. ఒక విశ్వవిద్యాలయం వాళ్ల ప్రజారోగ్య పరిశోధన సంస్థ మార్కాపురంలో కేంద్రం పెట్టి, ఊరికొకరిని పిలిచి నెలకోసారి కూర్చోబెట్టి మాట్లాడించేది. పాపమ్మ ఆ సమావేశాలకు ఇష్టంగా పోయేది. ఊళ్లో ఎవరెవరు జ్వరాన పడ్డారో చెప్పి, టీ తాగి, నలుగురితో నవ్వి వచ్చేది. ఆ కేంద్రం తన కబుర్లతో నెలనెలా ఒక పత్రిక వేస్తుంది. ఈసారి అందులో మేకల నుంచి మనుషులకు సోకే జ్వరం గురించి రాసి, పక్కనే మేకపిల్లను ఎత్తుకున్న పాపమ్మ ఫోటో వేశారు. ఆ పేజీ ఊళ్లో ప్రతి ఫోనులోకీ పాకింది.

పాపమ్మ ఆ నెల సమావేశానికి పోయింది గానీ కూర్చోలేదు.

"నా మేకలకు రోగముందని మీకెవరు చెప్పినారు సార్?" అని డైరెక్టరు నిత్యానందాన్ని నిలదీసింది.

ఆయన లేచి నిలబడ్డాడు. "ఎవరూ చెప్పలేదమ్మా. ఫోటో బాగుందని వేశాం. తప్పు మాదే. వచ్చే నెల సవరణ వేస్తాం."

"అది చదివేదెవరు? బొమ్మ చూసే నన్ను దూరం పెట్టినారు. మా ఊరికొచ్చి నోటితో చెప్పండి."

వాళ్లు వచ్చారు. పంచాయతీ ఆఫీసు ముందు జనం పోగయ్యారు. పాపమ్మను మొదట సమావేశాలకు పిలిచిన డాక్టరు స్వర్ణలత, ఫోటో వేయడం తమ పొరపాటేనని అందరి ముందూ ఒప్పుకుంది.

టీ అంగడాయన లేచాడు. "సరేమ్మా. ఆమె మేకలకు రోగం లేదని చెప్పు. రేపట్నుంచే పాలు పోయించుకుంటా."

పాపమ్మ స్వర్ణలత వైపు చూసింది. లేదు అని ఒక్క మాట అంటే చాలు.

"పరీక్ష చేయకుండా ఉందనీ చెప్పలేను, లేదనీ చెప్పలేను మామా," అంది స్వర్ణలత.

జనంలో గుసగుసలు లేచాయి. పాపమ్మకు ఒళ్లు మండింది. "అయితే తీయండి రక్తం! ఒక్క మేకనూ వదలొద్దు."

రక్తం తీసుకుపోయాక గానీ ఆమెకు అసలు భయం పట్టుకోలేదు. రోగమున్న మేక ఈతకు ముందే పిల్లను వేస్తుందని, ఆ పిల్లను ముట్టుకుంటే మనిషికీ అంటుతుందని వాళ్లు చెప్పిపోయారు. ఈమధ్యే నల్లమేక నెలలు నిండకుండా చచ్చిన పిల్లను వేసింది. దాన్ని ఎత్తి, కొట్టం కడిగింది కోడలు పావని, అదీ ఒట్టి చేతులతో. పావని కడుపుతో ఉంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు కాలుతోందని, నడుం లాగుతోందని పడుకుంటోంది. నీరసమేలే అనుకుంది ఇన్నాళ్లూ. ఇప్పుడు పావని మూలిగినప్పుడల్లా పాపమ్మ చేతిలో పని ఆగిపోతోంది.

పరీక్షల ఫలితాలతో స్వర్ణలత ఒక్కతే వచ్చింది. "మూడు మేకలకు ఉంది పెద్దమ్మా. మేం ఊళ్లో ఎవరికీ చెప్పం. పశువుల డాక్టరుకు మాత్రం చెప్పాలి."

"మేకల సంగతి తర్వాత. ముందు మా పావనికి చూడమ్మా," అంది పాపమ్మ.

పావనికీ ఉందని తేలింది. ఒంగోలు ఆసుపత్రిలో మందులు మొదలుపెట్టారు. కడుపులో బిడ్డ సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు.

ఆ దిగుల్లోనే పాపమ్మ భర్త అంకయ్య గొంతు తగ్గించి అన్నాడు: "పశువుల డాక్టరు వచ్చేలోపల ఆ మూడింటినీ కనిగిరి సంతకు తోలేద్దాం. ఆడ మనమెవరో ఎవరికి తెలుసు?"

"ఆడ మాత్రం ఒక పావని ఉండదా అయ్యా?"

అంకయ్య చేతిలో పలుపు విసిరికొట్టి బయటికి పోయాడు. చాలాకాలం ఆమెతో ముక్తసరిగానే మాట్లాడాడు.

పాపమ్మ తానే ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. మూడు మేకలనూ పశువుల డాక్టరు దగ్గరుండి చంపించి, లోతుగా పూడ్పించాడు. నల్లమేకను తీసుకుపోతుంటే ఆమె కొట్టంలోంచి బయటికి రాలేదు. మీ మేకలకూ పరీక్ష చేయించండి అంటే, "నీ ఇంటి రోగం మాకు అంటగడతావా?" అని కొందరు తలుపులేసుకున్నారు. చివరికి ఊళ్లోనే మేకలు కాసే రంగనాయకమ్మ తన మందను పరీక్షకు ముందు తోలుకొచ్చింది. ఆమె మేకొకటి కూడా చచ్చిన పిల్లను వేసిందట, ఎవరికీ చెప్పకుండా దాచిందట. ఆ తర్వాత మిగతావాళ్లూ ఒక్కొక్కరే వచ్చారు. ఇంకో నాలుగిళ్లలో రోగం బయటపడింది.

పావని నెలలు నిండకముందే కన్నది. ఆడపిల్ల. గాజుపెట్టెలో పెట్టారు. దాని పక్కటెముకలు ఎగసిపడుతుంటే పాపమ్మ అద్దానికి ఆనుకుని నిలబడేది, నర్సు వచ్చి పొమ్మనేదాకా. బిడ్డ బతికింది. తల్లికి జ్వరం మళ్లీ రాలేదు.

ఇప్పుడు సంస్థవాళ్లు కొత్త ఊరికి పోతే పాపమ్మ కూడా పోతోంది. రక్తం తీసేముందు కొట్టాల దగ్గర ఆడవాళ్లతో కూర్చుని, ఈమధ్య ఏ మేకన్నా ఈతకు ముందే పిల్లను వేసిందా, దాన్ని ఎత్తి పారేసిందెవరు అని మెల్లగా అడుగుతుంది.