వంకలో దిగిన పిట్ట

ఆ పిట్టను లకుముకి అన్నది నేనే.

ఆ మే నెలలో మా చీనీ తోట బోరు గాలి కక్కడం మొదలుపెట్టింది. పన్నెండేళ్ల బత్తాయి చెట్లు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీళ్లు చూసే ఆయన చెప్పిన రెండు చోట్లా దుమ్మే లేచింది. ఇంకొక్క బోరు వేసే శక్తి మాత్రమే నాయనకు మిగిలింది.

అనంతపురం కాలేజీలో తెలుగు పాఠం చెప్పుకునే నేను ఒక ఆదివారం ఇంటికి వెళితే, నాయన నన్ను తోట పక్కనున్న ఎండిన వంకలోకి తీసుకుపోయాడు. కానుగ చెట్ల కింద, రాలిన ఆకుల్లో ఒక పిట్ట. రెక్క మీద నీలం, వీపు పచ్చన, తోక కింద కుంకుమ పూసినంత ఎరుపు, మొండి తోక. మూడు రోజులుగా అక్కడే ఉందట.

“ఏం పిట్టరా ఇది? సదువుకున్నోనివి, సూసి చెప్పు.”

బుక్కరాయసముద్రం చెరువు గట్టున లకుముకి పిట్టల్ని చాలాసార్లు చూశాను. నీలం రెక్క, మొండి తోక నాకు చాలిపోయాయి. లకుముకే అన్నాను. అది నీళ్లున్న చోటు వదలదని కూడా వాగాను. నాయన ముఖం వెలిగింది. ఫోనులో ఒక ఫోటో తీసుకుని వచ్చేశాను.

సరిగ్గా చూసి ఉంటే తెలిసేది. లకుముకి కొమ్మ మీద కాచుకుని నీళ్లలోకి దూకుతుంది. ఇది నేల మీద గెంతుతూ, ముక్కుతో ఆకులు తిరగేసి పురుగులు ఏరుకుంటోంది. పొద్దుగూకే వేళ రెండు ముక్కలుగా ఈల వేస్తుందని నాయన చెప్పినా నా బుర్రకెక్కలేదు.

నాయన ఆ చివరి బోరు అక్కడే వేయించాడు. లారీ ఆ కానుగల పక్కనే ఒక పగలంతా తవ్వింది. రాతిపొడి ఆకులన్నిటినీ కప్పేసింది. పిట్ట ఆ మోతకే వెళ్లిపోయింది. ఎక్కడా తడి తగల్లేదు.

తర్వాత మా కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే ఆవిడ ఫోటో చూడగానే పొన్నంకి పిట్ట అంది. అడవి పిట్ట. వానలకు ముందు దక్షిణం నుంచి ఉత్తరాది అడవులకు పోతూ, అలసిపోయి నీడ దొరికిన చోట దిగుతుందట. దానికి చెరువులతో పనిలేదు, నాలుగు రాలిన ఆకులుంటే చాలు.

నాయనతో ఈ మాట చెప్పడానికి నాకు రెండు నెలలు పట్టింది. అప్పటికి ఆయన ఎండిన చెట్లు కొడుతున్నాడు. గొడ్డలి కింద పెట్టకుండానే అంతా విన్నాడు.

“లకుముకి నాకు తెలీదారా? ఇది అది కాదేమో అనిపించింది. నువ్వు చెప్తాండావు గదా అని నమ్మినా.”

తిట్టినా బాగుండేది. ఆయన తర్వాతి చెట్టు దగ్గరికి పోయాడు. కొట్టిన కొమ్మల్ని నేను గట్టు మీదికి లాగాను.