గీత ఎక్కడా తెగలేదు

నేను లెక్కల పంతులును. నిరుడు పోలీస్ యాక్షన్ రోజుల్లో పక్కింటి దర్జీ రహీం భాయ్ దాక్కోవడానికి చోటడిగితే, భయంతో తలుపు తీయలేదు. అప్పటి నుంచి నెలనెలా నా భయానికి మార్కులు వేసి, కాగితం మీద గీతగా గీస్తున్నాను.

ఈ సాయంత్రం రాంగోపాల్‌పేట మీద ఎండ కలలోలా పలచగా పరుచుకుంది. ఆయన కొట్టుకు వెళ్లి ఆ కాగితం చూపించాను.

"తలుపు తీయనివాడు ఆ పైనున్నాడు. భయం తగ్గిన నేను ఈ కింద. మేమిద్దరం వేరు మనుషులం భాయ్."

ఆయన గీత వెంట మెల్లగా వేలు నడిపాడు. "యాడ సుత తెగలే గద సారూ? తెగితే, అంతకుముందు నా బిడ్డకు చదువు చెప్పిన సారు సుత పోతడు."

కాగితం మడిచి మాఫీ అడిగాను. "కూసోండ్రి" అన్నాడు.

మాఫీ అనే ఒక్క మాటకు లెక్కల పంతులుకు ఏడాది పట్టింది. మీకైతే ఎన్నాళ్లు పట్టేది?