గౌలిపుర ఎల్లమ్మ, గిన్నె అడుగున పాలు

1957 జూన్‌లో నన్ను పాతబస్తీలోని ఒక సర్కారు దవాఖానలో ఫిజియోథెరపిస్టుగా వేశారు. కొత్త రాష్ట్రం ఏర్పడి ఇంకా ఏడాది నిండలేదు. బొంబాయిలో రెండేళ్లు చదువుకుని వచ్చిన నాకు ఇచ్చిన గది తలుపు మీద ఉర్దూలో 'మాలిష్ కమ్రా', అంటే ఒళ్లు మర్దన చేసే గది, అని రాసి ఉండేది. నేను మందు రాయను, సూది వేయను, అయినా జనం డాక్టరమ్మా అనే పిలిచేవారు. కాదని చెప్పీ చెప్పీ నా నోరే నొచ్చింది, పిలుపు మాత్రం మారలేదు.

నలుగురిని ఆరు నెలల్లో సహాయ ఫిజియోథెరపిస్టులుగా తయారుచేయడం నాకు అప్పగించిన పని. నలుగురూ దవాఖానలోనే చిన్న ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు. ఒక్కొక్కరికి ఒక రోగిని అప్పగిస్తాం. మూడు నెలలు ఆ రోగిని చూసి, ప్రతిదీ కేసు పుస్తకంలో రాయాలి. చివర ఇంకో దవాఖాన నుంచి పెద్ద సర్జన్ వచ్చి, రోగినీ పుస్తకాన్నీ చూసి పాసు చేస్తాడు. పాసైతే కొత్త హోదా, ఫెయిలైతే పాత పనికే.

నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది మోకాలి కీళ్లు అరిగినవాళ్లే. వేడి కాపడం పెడతాం, తొడ ముందు కండరం గట్టిపడే వ్యాయామం చేయిస్తాం. మోకాలి కింద తువ్వాల చుట్ట పెట్టి, దాన్ని కిందికి నొక్కి అయిదు లెక్కపెట్టమంటాం. అయితే మెట్టెక్కేటప్పుడు మోకాలి మీద పడే భారం ఒంటి బరువు కంటే చాలా ఎక్కువ. ఒళ్లు తగ్గకుండా వ్యాయామం ఒక్కటే చేయిస్తే చిల్లి కుండలో నీళ్లు పోసినట్టే. అందుకే రోగి బరువు తగ్గించే బాధ్యత కూడా నా విద్యార్థుల మీద పెట్టాను. మా సూపరింటెండెంటుకు ఇది నచ్చలేదు. మాలిష్ చేసేవాళ్లు తిండి గురించి మాట్లాడటమేమిటని అడిగారు. మూడు నెలలు ఆగి చూడండి అన్నాను. అప్పట్లో నాకు పొగరు కాస్త ఎక్కువే, ఇప్పుడు దాచుకునేదేముంది!

రోగులను తూచడానికి మా గదిలో యంత్రం లేదు. ఇండెంటు పెడితే జవాబు రాలేదు. బేగంబజార్‌లో ఒక కిరాణా సేఠ్‌ను బతిమాలి బస్తాలు తూచే పాత కాటా తెప్పించాను. అది సేర్లలో తూచేది, సేరంటే కిలోకు కాస్త తక్కువ. రోగులకు సేరంటే తెలుసు కాబట్టి అదే మేలైంది. సోమవారం పొద్దున ఏమీ తినకముందు, చెప్పులు విప్పించి తూచేవాళ్లం. "బియ్యం బస్తా లెక్క తూకమేస్తున్రు" అని నవ్వుకుంటూనే ఎక్కేవారు.

ఆ నలుగురిలో సుగుణ వార్డు ఆయా. ఇరవై నాలుగేళ్లు. తండ్రి రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి పోయాడు, తల్లి చర్చి ఊడ్చేది. ఎనిమిదో తరగతి చదివి వార్డులో మలమూత్రాల పళ్లాలు మోసే పనిలో చేరింది. ఆయాకు అనాటమీ ఎందుకని వార్డు సిస్టర్లు నా ఎదుటే అన్నారు. నాకు ఒళ్లు మండి, ఆ అమ్మాయిని మొదటి బెంచీలో కూర్చోబెట్టాను. ఎముకల పేర్లు నాకంటే స్పష్టంగా పలికేది. ఫెయిలైతే మాత్రం మళ్లీ ఆ పళ్లాలే మోయాలి. ఆ సంగతి తనకూ తెలుసు, నాకూ తెలుసు.

సుగుణకు వచ్చిన రోగి గౌలిపుర ఎల్లమ్మ. యాభై దాటింది. ఏడు బర్రెల ఇల్లు ఆమెది. పొద్దునా సాయంత్రం పాలు పిండి, గిన్నె నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ తిరిగి పోసేది. గొంతు కూర్చుని పాలు పిండీ పిండీ రెండు మోకాళ్లూ వాచాయి. సుగుణ ఆమెకు పిండేటప్పుడు కూర్చోవడానికి ఎత్తు పీట చేయించింది, వ్యాయామం నేర్పింది, తిండి వివరమంతా అడిగి రాసుకుంది. పొద్దున ఒక జొన్న రొట్టె, మాపటికి ఒక రొట్టె, పప్పు. నెయ్యి లేదు, అన్నం లేదు.

నాలుగు వారాలకు తొడ కండరం గట్టిపడింది, మోకాలు మునుపటి కంటే వంగుతోంది. కానీ కాటా మీద ఎల్లమ్మ రెండు సేర్లు పెరిగింది. మిగతా ముగ్గురి రోగులూ తగ్గారు.

నేను ఓర్చుకోలేకపోయాను. అందరి ముందూ ఎల్లమ్మను నిలదీశాను. రెండు రొట్టెలు తినే మనిషి రెండు సేర్లు ఎలా పెరుగుతుంది, దొంగతనంగా ఏం తింటున్నావని అడిగాను.

"నేనెందుకు అబద్ధమాడ్త డాక్టరమ్మా? మల్లన్న మీదొట్టు. గింత మాట పడెతందుకా నేను మోకాళ్లీడ్సుకుంట గింత దూరం వచ్చింది?" అని కాటా దిగి వెళ్లిపోయింది. నేను కేసు పుస్తకం తీసి ఎర్ర సిరాతో 'రోగి నిజం చెప్పడం లేదు' అని రాసి సంతకం పెట్టాను. సుగుణ ఆ పేజీ చదివి, పుస్తకం మూసి తీసుకుపోయింది.

మరుసటి సోమవారం ఎల్లమ్మ రాలేదు. రోగి లేకపోతే కేసు లేదు, కేసు లేకపోతే పరీక్ష లేదు. మంగళవారం సుగుణ కూడా రాలేదు. హాజరు పట్టీలో గైరు అని రాశాను. పదకొండు గంటలకు వచ్చింది. చీర కుచ్చిళ్లకు పేడ, ఒళ్లంతా పచ్చి పాల వాసన. తెల్లవారకముందే గౌలిపుర పోయి, ఎల్లమ్మ కాళ్లు పట్టుకున్నంత పని చేసి, ఆమె వెంట పాలచుట్టు మొత్తం తిరిగి వచ్చిందట.

"అమ్మా, ఆమె అబద్ధం చెప్పలే. మనకే అడుగుడు రాలే" అంది.

సంగతి ఇది. ఎల్లమ్మ వాడుక ఇళ్లలో రెండు ఈమధ్యే పాలు మానేశాయి. చుట్టు పూర్తయ్యేసరికి గిన్నె అడుగున సేరుకు తక్కువ కాకుండా పాలు మిగులుతున్నాయి. పొద్దుటి పాలు సాయంత్రం పాలల్లో కలిపితే విరుగుతాయి, తోడు పెడితే ఆ పెరుగు కొనేవాళ్లు లేరు. నేల మీద పారబోస్తే బర్రె పొదుగు ఎండిపోతుందని వాళ్ల నమ్మకం. అందుకని ఎల్లమ్మ చివరి ఇంటి అరుగు దగ్గర నిలబడి, గిన్నె ఎత్తి, మిగిలిన పాలన్నీ తాగేసి, అక్కడే నీళ్లు అడిగి గిన్నె కడిగేది. రోజుకు రెండుసార్లు. అదేమిటమ్మా, పాల సంగతి చెప్పలేదేమని సుగుణ అడిగితే ఆమె విస్తుపోయిందట. "గది తిండా బిడ్డా? గిన్నె సాఫ్ జేసుడు గదా" అందట. ఆమె లెక్కలో అది పని. ఆకలి కోసం తాగింది కాదు, ఇష్టంతో తాగిందీ కాదు.

నాకు తల కొట్టేసినట్టయింది. గౌలిపురకు ఆమడ దూరంలో పుట్టలేదు నేను, రెండు గల్లీల అవతల పుట్టాను. మా ఇంట్లో పాలు పోసినావిడ కూడా మా అరుగు దగ్గరే గిన్నె ఎత్తి తాగేది. చిన్నప్పుడు రోజూ చూశాను. బొంబాయి చదువులో అది గుర్తుకే రాలేదు.

ఇంకొకరైతే తాగొద్దని చెప్పి వచ్చేవారు. నేనైతే ఖాయంగా అదే చెప్పేదాన్ని. సుగుణ అలా చెప్పలేదు. నేల మీద పొయ్యద్దు, సరే, మరి ఎవరి నోట్లో పోస్తే తప్పు కాదని ఎల్లమ్మనే అడిగింది. ఎల్లమ్మ కాసేపు ఆలోచించి, "దుడ్డెకు పోస్తే తప్పేంది? దాని తల్లి పాలే గదా" అంది. దుడ్డె అంటే బర్రె దూడ. అమ్మకానికి పిండగా మిగిలిందే దానికి దక్కేది, పాపం డొక్కలు తేలి ఉండేది. ఆ రోజు నుంచి గిన్నె అడుగు పాలు దుడ్డెవి.

ఆ వారమే నేను గౌలిపుర పోయి తప్పయింది, క్షమించమని ఎల్లమ్మను అడిగాను. ఆమె నన్ను పీట మీద కూర్చోబెట్టి, "మీరు సదువుకున్నోళ్లు గాబట్టి తెల్వలే, ఫికర్ చెయ్యకున్రి" అంది. ఆ తరువాతి సోమవారం వచ్చి కాటా ఎక్కింది.

పరీక్ష రోజున పెద్ద సర్జన్ ఎల్లమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఆనించకుండా లేవమన్నారు. లేచింది. మా దవాఖాన మెట్లు పద్నాలుగూ పిట్టగోడ పట్టుకోకుండా ఎక్కి దిగింది. మొదటి తూకం కంటే అయిదు సేర్లు తగ్గింది. తరువాత ఆయన కేసు పుస్తకం తిప్పుతూ ఎర్ర సిరా దగ్గర ఆగారు. రోగి అబద్ధాలకోరైతే ఈ అంకెలను ఎలా నమ్మాలని సుగుణను అడిగారు. తప్పు రాసింది ఎవరో ఆ అమ్మాయి చెప్పలేదు, నా వైపు చూడనూ లేదు. నేనే లేచి, ఆ రాత నాదని, తప్పు నాదని, దాన్ని పట్టుకున్నది ఈమేనని చెప్పాను. మా సూపరింటెండెంటు అక్కడే ఉన్నారు. ఆయన ముందు ఆ మాట అనడం నాకు సులువు కాలేదు. అయినా ఆ రోజు నా విద్యార్థిని చూసి గర్వపడినంతగా నా బొంబాయి సర్టిఫికెట్టు చూసి ఎన్నడూ గర్వపడలేదు.

సర్జన్ ఎల్లమ్మ వైపు తిరిగి, ఇంట్లో అంతా బాగేనా అని మర్యాదకు అడిగారు. "మస్తుగున్నం సాబ్. నేను తగ్గిన, దుడ్డె బలిసింది" అంది. ఆయన నవ్వుతూనే సంతకం పెట్టారు.

సుగుణ పాసైంది. నేను రిటైరయిన నాడు ఆ విభాగం తాళాలు తీసుకున్నది ఆమే. రెండో బ్యాచి నుంచి కేసు పుస్తకంలో 'ఏమి తింటారు' అన్న గడి కొట్టేయించాను. దాని బదులు, విద్యార్థి రోగితో ఒక రోజంతా తిరిగి కళ్లారా చూసింది రాయాలని నియమం పెట్టాను. ఆ రోజు పూర్తి కాకుండా నా గదిలో ఎవరినీ కాటా ఎక్కించనివ్వలేదు. ఎర్ర సిరా సీసా బీరువాలోనే ఎండిపోయింది.